ఉడుకు నీళ్ల బోరు

తిరుపతి వెళ్లొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ ప్రసాదం కోసం చెయ్యి చాపారు. లడ్డూ తేలేదన్నాను. అసలు కొండే ఎక్కలేదన్నాను. ఎదురింటావిడ నా వంక జాలిగా చూసి, ఒంట్లో బాగా లేదా అని అడిగింది. బాగానే ఉంది తల్లీ, నేను వెళ్లింది భూమి లోపల వేడి ఉందో లేదో చూడ్డానికి అని చెబితే ఆ జాలి ఇంకాస్త పెరిగింది. అందుకే ఇలా కాగితం మీద పెడుతున్నాను. ఇంటింటికీ తిరిగి చెప్పే ఓపిక నాకు లేదు.

మా అన్నయ్య కూతురు శ్రావణి భూమి లోపలి సంగతులు కనిపెట్టే చదువు చదివి, హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో చేరింది. పాతాళంలో మరిగే నీళ్లు దొరికితే ఆ ఆవిరితో కరెంటు తీయొచ్చట. కార్వేటినగరం అవతల ఒక పల్లెలో అలాంటి వేడి ఉందని కంపెనీవాళ్లకు ఆశ పుట్టింది. కిందటేడు వేరే బృందం వచ్చి ఒక సర్వే చేసి వెళ్లింది. ఇప్పుడు శ్రావణి మరోసారి చూసి, లోతుగా తవ్వాలా వద్దా అన్నది తేల్చి చెప్పాలి. తవ్వాలంటే పెద్ద రిగ్గు రావాలి. అది వచ్చే దారీ, నిలబడే చోటూ మునిరత్నం అనే రైతు మామిడితోటలోనే. అంటే మా పిల్ల అవునంటే ఆ తోట పోతుంది. ఈ సంగతి రైలెక్కగానే చెప్పి, మాట్లాడుకోవడానికి నువ్వుంటే బాగుంటుందనిపించింది అత్తా అంది. పోస్టాఫీసులో రిటైరై ఇంట్లో గోడలు చూస్తున్న మేనత్తను ఎవరైనా రమ్మనడమే ఎక్కువ.

తిరుపతి

స్టేషన్ బయట ఆటో అతను మా సామాను చూసి ఏమీ అడగకుండానే కొండకెళ్లే బస్సుల వైపు తిప్పాడు. చిత్తూరు వెళ్లాలయ్యా అంటే ఆటో ఆపి వెనక్కి తిరిగి చూశాడు. తిరిగొచ్చేటప్పుడైనా వెళ్తారా అన్నాడు. వీలు పడదు అన్నాను. ఆ తర్వాత బస్టాండు దాకా అతను ఒక్క మాట మాట్లాడలేదు, అడిగిన దానికంటే పైసా ఎక్కువా తీసుకోలేదు. మా మీద కోపమో, మా ఖర్మకు విచారమో తెలియలేదు.

బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీకి వేరుశనగ చట్నీ ఇచ్చారు. ఇక్కడ వాటిని చెనక్కాయలు అంటారు. మా అమలాపురంలో అల్లం పచ్చడీ కొబ్బరి పచ్చడీ లేకపోతే ఇడ్లీ ముట్టను అనే నేను రెండోసారి వేయించుకుని తిన్నాను. ధర కూడా మా ఊరికంటే తక్కువే. శ్రావణి మాత్రం ఫోన్ చూసుకుంటూ సగం వదిలేసింది. ఆ సగం కూడా నేనే తిన్నాను.

బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఊరు అడిగింది, పేరు అడగలేదు. మూడో ప్రశ్న, "మీ ఊర్లో బోరు ఎన్నడుగులకు పడతాది?" మా వైపు పిల్లలెంతమంది అని అడుగుతారే, సరిగ్గా అలా. ఇరవై అడుగులు తవ్వితే నీళ్లొస్తాయన్నాను. ఆవిడ నా ముఖం చూసి, కిటికీలోంచి బయటికి చూసి, మళ్లీ నా వైపు తిరగలేదు. ఇంత అబద్ధాలకోరుతో మాటలెందుకు అనుకుని ఉంటుంది. వాళ్ల చేలో వెయ్యి అడుగులు దించినా దుమ్మే వచ్చిందని ఫోన్లో ఎవరికో చెబుతోంది. సగం తెలుగు, సగం అరవం. రెండూ ఒకే వాక్యంలో ఒరుసుకోకుండా నడుస్తున్నాయి.

చిత్తూరు

మేం వెళ్లింది మామిడి కోతల రోజుల్లో. చిత్తూరు చేరేముందే బస్సులోకి వాసన కొట్టింది. గుజ్జు తీసే ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉన్నాయి. వాటినిండా ముక్కు తిరిగిన పొడుగు కాయ. మనం తోతాపురి అనేదాన్ని ఇక్కడ బెంగళూరా అంటారు. లారీ నీడలో కండువా పరుచుకుని పడుకున్న రైతులు కాయ మెత్తబడకముందే తమ వంతు రావాలని ఎదురుచూస్తున్నారు. వంతు వచ్చేసరికి రేటు ఎంత పడుతుందో ఎవరికీ తెలియదట.

ఒక ఆఫీసులో శ్రావణికి అనుమతి కాగితం పని ఉండటంతో ఆ పూట చిత్తూరులోనే లాడ్జిలో దిగాం. అక్కడ మంచం మీద లాప్‌టాప్ తెరిచి కిందటేటి సర్వే మ్యాపు చూపించింది. పచ్చ, పసుపు రంగుల మధ్య మునిరత్నం తోట దగ్గర ఎర్రగా పెద్ద మచ్చ. అబ్బో, నిప్పుల కొలిమే కదే అన్నాను.

"నువ్వూ అదే అంటావేంటత్తా? ఎరుపంటే వేడి కాదు. ఆ రంగు వేసింది కంప్యూటర్. అక్కడ నేల కరెంటును తక్కువ అడ్డుకుంటోందని మాత్రమే దానర్థం."

నాకు అర్థమైనంత చెబుతాను. నేలలో ఇనుప మేకులు దిగ్గొట్టి, రెండిటి గుండా కరెంటు పంపి, మధ్యనున్న రెండిటి దగ్గర కొలుస్తారు. గట్టి రాయి కరెంటును అడ్డుకుంటుంది. వేడి ఉప్పునీళ్లు నిండిన రాయి అంతగా అడ్డుకోదు. కాబట్టి అడ్డు తక్కువున్న చోట వేడినీళ్లు ఉండొచ్చు. కానీ చల్లటి ఉప్పునీళ్లున్నా అడ్డు తక్కువే. బంకమట్టి ఉన్నా తక్కువే. చౌడు నేలైనా, పాత ఇనుప గొట్టం పాతి ఉన్నా తక్కువే. ఆ యంత్రానికి ఉప్పు తెలుస్తుంది, తడి తెలుస్తుంది, వేడి మాత్రం నేరుగా తెలియదు.

అలాంటప్పుడు దీన్ని పట్టుకుని ఒకరి తోట కొట్టించడమేంటే అని నాకు కోపమొచ్చింది. శ్రావణి నొచ్చుకుంది. ఈ మ్యాపు ఒక్కటే అయితే తనూ నమ్మదట. ఊళ్లోవాళ్ల మాట కూడా దీనికి కలిసిందట. ఆ ఎర్రమచ్చ నడుమ ఒక బోరుంది, దాన్ని ఊళ్లో ఉడుకునీళ్ల బోరు అంటారని కిందటేడు వచ్చినవాళ్లు అడిగి తెలుసుకున్నారట. రెండు వేర్వేరు దారుల్లో ఒకే మాట వచ్చినప్పుడు కొట్టిపారేయలేం కదా అంది. అవును కదా అని నేనూ అనుకున్నాను. ఉడుకు అంటే మరగడమేగా, అంతకంటే రుజువేం కావాలి?

కార్వేటినగరం దాటాక

మర్నాడు అద్దె కారులో వెళ్లాం. కార్వేటినగరంలో పాత సంస్థానం కోట మిగిలిన మేరకు నిలబడి ఉంది. దిగి చూద్దామంటే శ్రావణి గడియారం చూసింది. సరే పదమన్నాను. అక్కణ్ణించి కొండల మొదట్లోకి వెళ్తే మునిరత్నం వాళ్ల పల్లె.

మునిరత్నం బక్కపలచని మనిషి. మమ్మల్ని చూడగానే కండువా దులిపి అరుగు తుడిచాడు. పని అయ్యేదాకా మా మకాం వాళ్లింట్లోనే. ఆయన భార్య దేశమ్మ పలకరింపుగా నవ్వింది నాతోనే, శ్రావణితో కాదు. ఎందుకో కాసేపటికే తెలిసింది. మొగుడికి రిగ్గు రావాలని ఉంది, పెళ్లానికి లేదు. కాయ మోసుకెళ్లి ఫ్యాక్టరీ ముందు పడిగాపులు కాసే బతుకు చాలనీ, స్థలం కౌలుకిస్తే కంపెనీ నెలనెలా ఇంత ఇస్తుందనీ ఆయన లెక్క. దేశమ్మకు అలాంటి లెక్కలేం లేవు. నీళ్లు లేని ఏళ్లలో ఆ మొక్కలకు బిందెలతో మోసి పోసి బతికించింది ఆమే. రోడ్డువైపు మొదటి వరస ఆవిడ ఈ ఇంటికి కాపురానికొచ్చిన ఏడు నాటిందట. రెండ్రోజులుగా మొగుడూ పెళ్లాలకు మాటల్లేవు. ఏం కావాలన్నా నాకు చెబుతున్నారు, నేను అందిస్తున్నాను.

మధ్యాహ్నం సంగటి పెట్టింది. రాగిపిండీ అన్నమూ కలిపి కట్టెతో గెలికి ముద్ద చేసింది. దాని పక్కన ఊరిబిండి, అంటే వేయించిన చెనక్కాయలూ మిరపకాయలూ రోట్లో నూరిన పచ్చడి. నేను అన్నంలాగే నమలడం మొదలుపెట్టాను. ముద్ద పళ్లకంటుకుని దవడ కదల్లేదు. దేశమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, నమలకుండా మింగాలని చేసి చూపించింది. రెండో ముద్దకు నేర్చుకున్నాను. ఆ పచ్చడి రుచి ఇంకా నాలుక మీదుంది. తర్వాత గడ్డిలో మగ్గేసిన బేనిషా పండ్లు గంపతో తెచ్చి పెట్టింది. మనం బంగినపల్లి అనేవి. ఎన్ని తిన్నానో చెప్పను.

ఉడుకునీళ్ల బోరు తోట అంచున ఉంది. దాని నోటిమీద రాతిబండ మూసి, సిమెంటు పూశారు. మోటారు ఎప్పుడో తీసేశారు. చుట్టూ నేల తెల్లగా పొంగినట్టుంది, గడ్డిపోచ కూడా లేదు. ఇది చౌడు, వెనకటికి చాకలివాళ్లు బట్టలుతకడానికి ఈ మట్టే తవ్వుకెళ్లేవాళ్లని మునిరత్నం చెప్పాడు. బండ తీయించి లోపలికి వేడి కొలిచే సాధనం దించాలని శ్రావణి అంది. అది చివరి రోజున, ముందు సర్వే చూసుకుందామంది. ఆ వరస తలకిందులై ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడనిపిస్తోంది.

మేకా, ముళ్లకంచే

మర్నాడు పని మొదలుపెట్టిన కాసేపటికే యంత్రంలో అంకెలు అమాంతం పడిపోయాయి. పక్క కయ్యలో, అంటే మడిలో, మందు పంపు కొట్టే ఇద్దరు మనుషులు సాయానికొచ్చి మేకులు కొడుతుంటే, శ్రావణి యంత్రం దగ్గర కూర్చుని జుట్టు పీక్కుంటోంది. తీరా చూస్తే తీగ పరిచింది ముళ్లకంచె పక్కనే. ఇనుప కంబాలు నేలలోకి దిగి ఉన్నాయి, కరెంటు నేలను వదిలి కంచె పట్టుకుని పోతోంది. తీగంతా చుట్టి, అవతల మళ్లీ పరిచారు. ఎండ మాడు పగలగొడుతోంది. నేను చెట్టుకింద కూర్చుని అందరికీ సలహాలిచ్చాను.

రెండోసారి అంకెలు కుదురుగానే వచ్చాయి. బోరు దగ్గరికి వచ్చేసరికి బాగా తగ్గాయి. మునిరత్నం పొద్దుట్నుంచీ యంత్రం చుట్టూనే తిరుగుతున్నాడు. ఎట్లుండాది మేడమ్ అని అడిగాడు. పోయినేడు వచ్చినట్టే వస్తోందండీ అంది శ్రావణి. ఆయన ముఖం వెలిగిపోయింది. నిజానికి ఆ జవాబుతో తేలిందేమీ లేదు. ఉప్పును చూసి తగ్గిన అంకె, రెండోసారి చూసినా తగ్గుతుంది. కానీ ఆయనకు వినబడింది అవును అన్న మాట. పక్కనే ఉన్న నాకూ అలాగే వినబడింది.

అంతలో ఒక మేక వచ్చి నేల మీది తీగను రుచి చూసింది. బాగున్నట్టుంది, ఇంకోచోట కూడా కొరికింది. ఆ రోజుకు పని ఆగిపోయింది.

తెగిన తీగకు అతుకులు వేయించడానికి మర్నాడు పుత్తూరు వెళ్లాం. విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో ఆ ఊరికి పెద్ద పేరు. కారు డ్రైవరు దారిపొడుగునా ఎవరికి విరిగిందమ్మా అని అడుగుతూనే ఉన్నాడు. తీగకు విరిగిందయ్యా అన్నాను. అతుకు పని అయ్యి, శ్రావణికి బలవంతాన భోజనం పెట్టించి తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది.

తోట రోడ్డువైపు వెలుతురుగా కనబడింది. మొదట దారి తప్పామనుకున్నాను. తర్వాత మొదళ్లు కనబడ్డాయి. మొదటి వరస మొత్తం లేదు. కొమ్మలూ ఆకులూ కుప్పగా పడి ఉన్నాయి, పచ్చివాసన వస్తోంది.

పక్క చేను చింతచెట్ల కోసం కట్టెల వ్యాపారి లారీ వచ్చిందట. ఎట్లాగూ పోయేవే కదా, లారీ మళ్లీ మళ్లీ రాదని మునిరత్నం మొదటి వరస చూపించాడట. శ్రావణి అక్కడే నిలబడిపోయింది. నేనింకా ఏమీ చెప్పలేదు కదండీ అని రెండుసార్లు అంది. ఆయన దారి చేసి పెట్టిన సంతోషంలో ఉన్నాడు. దేశమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. ఆ పూట కూడా మాకు సంగటి పెట్టింది. కడుపు నిండిందా అని అడిగింది. నాకు ఏం చేయాలో తోచక మళ్లీ మామిడిపండ్ల మీద పడ్డాను.

ఉడుకు

పొద్దున లేచేసరికి నోరంతా పొక్కింది. కళ్లు మండుతున్నాయి, మరోచోట కూడా మంట. అది ఇక్కడ రాయను. దేశమ్మ నా ముఖం చూడగానే చెంబుతో మజ్జిగ కలిపి తెచ్చింది.

"ఉడుకు సేసుండాదిలే అక్కా. మామిడిపండు ఉడుకు గదా. అన్ని తినొద్దంటే మీరు ఇన్లేదు."

మజ్జిగ సగం తాగి ఆగాను. మా వైపు దీన్ని వేడి చేసింది అంటాం. మామిడిపండు వేడి, ఆవకాయ వేడి, మజ్జిగ చలవ. పండు చల్లగా ఉన్నా వేడే. ఇక్కడ దాన్నే ఉడుకు అంటారా? మరి ఆ బోరునీళ్లో అని అడిగాను.

"అవీ అంతే. రొండు సెంబులు తాగితే ఒంటేలికి పోయేటప్పుడు మంట. పిలకాయలకు కండ్లు ఎర్రగా అయితాయి. అందుకే గదా బండ మూసేసింది."

"తోడినప్పుడు వేడిగా ఉండేవి కావా?"

"యాడ వేడి? అన్ని బోర్ల మాదిరే. నీళ్లు ఉడుకు కాదక్కా, ఒంటికి ఉడుకు."

కిందటేడు సర్వే పిల్లలు ఎండన పడి వచ్చి, ఆ బోరు ఎందుకు మూశారు, నీళ్లు తాగడానికి పనికిరావా అని అడిగారట. తాగొద్దు నాయనా, అవి ఉడుకు నీళ్లు అని చెప్పి ఇంట్లోకి పిలిచి, కుండలో ఉన్న మజ్జిగంతా వాళ్లకే పోసిందట. ఆ మాట ఆవిడ ఏ అనుమానమూ లేకుండా, నాకు మజ్జిగ పోస్తూ చెప్పింది. వెనక శ్రావణి పళ్లు తోముకుంటూ వింటోంది. బ్రష్షు నోట్లోనే ఉంచుకుని బయటికి నడిచింది.

బండ తీశాక

బండ పగలగొట్టడానికి అరపూట పట్టింది. శ్రావణి వేడి కొలిచే సాధనాన్ని తీగకు కట్టి నెమ్మదిగా దించింది. భూమిలో లోతుకు పోయేకొద్దీ ఎక్కడైనా కాస్త కాస్త వేడెక్కుతుందట. కింద నిజంగా కొలిమి ఉంటే ఆ పెరుగుదల ఇట్టే తెలిసిపోవాలి. ఇక్కడ తెలియలేదు. ఊరి అవతలి చివర వాడకం లేని మరో బోరు ఉంటే అందులోనూ దించి చూసింది. దానికీ దీనికీ తేడా లేదు. పైకి తీసిన నీళ్లు చేతికి మామూలుగానే ఉన్నాయి. నాలుక మీద వేసుకుంటే మాత్రం చేదు కలిసిన ఉప్పు. పైన చౌడు, కింద దాని ఉప్పు దిగిన నీళ్లు. యంత్రం అబద్ధం చెప్పలేదు, దేశమ్మా చెప్పలేదు.

శ్రావణి చెట్టుకిందికి వెళ్లి కంపెనీకి ఫోన్ చేసింది. అవతలివాళ్లు చాలాసేపు వాదించినట్టున్నారు. ఈ పిల్ల గొంతు పెంచకుండా తవ్వొద్దు అన్న ఒక్క మాటే మళ్లీ మళ్లీ చెప్పింది. వచ్చి మునిరత్నానికి కూడా దాచకుండా చెప్పింది. కింద వేడి లేదనీ, రిగ్గు రాదనీ, ఉడుకు అన్న మాటను తమవాళ్లు తప్పుగా అర్థం చేసుకున్నారనీ.

ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. తోటవైపు చూశాడు, తెరుచుకున్న బోరు వైపు చూశాడు.

"ఇంగొక తావ సూడండి మేడమ్. యాడన్నా రవ్వంత ఉడుకు లేకుండా పోతాదా?"

లేదండీ అంది శ్రావణి. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఆ మనిషి మీద నిన్నటినుంచీ ఉన్న కోపం అక్కడికక్కడే పోయింది. ఫ్యాక్టరీ ముందు లారీ నీడన పడుకునేవాళ్లను నేనూ చూశాను కదా.

దేశమ్మ ఇంతసేపూ గట్టు మీద నిలబడి వింటోంది. మెల్లగా నా దగ్గరికొచ్చింది.

"అట్లయితే అక్కా, ఆ వరస పోయింది నా నోటిమాటకేనా?"

కాదమ్మా అందామనుకున్నాను గానీ, అంటే అది అబద్ధమని ఆవిడకు తెలుసు.

మునిరత్నం నాతో కాకుండా నేరుగా పెళ్లాంతో మాట్లాడాడు.

"నువ్వు నీళ్లు తాగొద్దంటివి. సెట్లు కొట్టమంటివా? కొట్టించింది నేను."

చెట్లు కూలిన రోజు పొయ్యి దగ్గరే కూర్చుని మాకు వండిపెట్టిన మనిషి, అప్పుడు ఏడ్చింది.